జూలై ఒకటిన పుట్టిన మనిషి

పెచ్చెట్టి భీమశంకరం ముప్పై నాలుగేళ్ళు బస్సు కండక్టరుగా చేశాడు. అన్నేళ్ళలో ఒక మనిషిని రెండుసార్లు లెక్కపెట్టిందీ లేదు, ఇద్దరిని ఒకరుగా లెక్కపెట్టిందీ లేదు. ఒళ్ళో కూర్చున్న పిల్లకి ఐదేళ్ళు నిండాయో లేదో కాళ్ళు వేలాడే తీరు చూసి చెప్పేవాడు. అందుకని, చిలకలంక మందుల కేంద్రంలో కిటికీ అవతల కూర్చున్న హైమావతి కంప్యూటరు తెర చూసి "మీరు మందు తీసేసుకున్నారండి బాబాయిగారు" అన్నప్పుడు, మందు దొరకనందుకు కన్నా లెక్క తప్పినందుకే ఆయనకి ముందు కష్టం కలిగింది.

"నేనిప్పుడే కదమ్మా వచ్చింది."

"పొద్దున్న తొమ్మిదింపావుకి వచ్చారండి. సంతకం కూడా పెట్టారు." హైమావతి తెరని ఇటు తిప్పింది. సంతకం చోట వంకర అక్షరాలతో కడలి మాణిక్యం అని ఉంది.

తొమ్మిదింపావుకి తను ఇంట్లో గడ్డం గీసుకుంటున్నానని భీమశంకరం చెప్పాడు. మాణిక్యం పక్కవీధి ఆవిడనీ, ఆడమనిషనీ కూడా చెప్పాడు. హైమావతి నమ్మింది. అయితే ఆమె నమ్మకాన్ని నమోదు చెయ్యడానికి ఆ తెర మీద గడి లేదు.

ఆ పథకం పూర్తి పేరు 'వయోవృద్ధ ఔషధ సౌలభ్య సమగ్ర సంస్కరణ'. అరవై ఐదేళ్ళు దాటిన వాళ్ళకి డాక్టరు రాసిచ్చిన మందులు నామమాత్రపు ధరకి అందాలన్నది దాని ఉద్దేశం. మొదటి విడతగా రక్తపోటు మాత్రలు పెట్టారు. నెలకి సరిపడా పట్టీలు మూడు రూపాయలకి. జనం దాన్ని పెద్దల మందులు అనేవారు. ఒకే మనిషి నాలుగు పేర్లు చెప్పి నాలుగుసార్లు పట్టుకుపోకుండా ఒక సాఫ్టువేరు తయారుచేయించారు. దాన్ని తయారుచేసిన నిపుణుల సంఘం ఏడు నెలలపాటు ముసలివాళ్ళ మీద పరిశోధన చేసింది. వాళ్ళ పేర్లు నమ్మదగినవి కావని తేలింది. రేషను కార్డులో వెంకన్న అయినవాడు పింఛను పుస్తకంలో వెంకటరావు అవుతున్నాడు. వేలిముద్రలు అరిగిపోయాయి. పుట్టిన సంవత్సరం అడిగితే సగం మంది, నువ్వే చూసి చెప్పు అన్నారు. చివరికి స్థిరంగా కనిపించినవి తేదీ, నెల మాత్రమే. కాబట్టి ఒక మండలంలో పుట్టిన తేదీ, నెల కలిస్తే మనిషి ఒక్కడే అని సాఫ్టువేరుకి నేర్పారు.

చిలకలంక మండలంలో రక్తపోటుకి పేరు రాయించుకున్న పెద్దల్లో రెండువందల ఎనభై ఏడుగురు జూలై ఒకటిన పుట్టారు.

నిజానికి వాళ్ళు వేరే వేరే రోజుల్లోనే పుట్టారు. కానీ వాళ్ళని బడిలో చేర్చుకున్నది జగ్గయ్య మాస్టారు. పిల్లాడు కుడిచెయ్యి తలమీదుగా తిప్పి ఎడమచెవి అందుకుంటే ఐదేళ్ళు నిండినట్టు. ఇక పుట్టినరోజు అడిగితే తల్లులు చెప్పే జవాబులు రిజిస్టరు గడిలో పట్టేవి కావు. ఒకావిడ ఏటిగట్టు తెగిన మూడోనాడు అనేది. ఇంకొకావిడ మా చుక్కలగేదె ఈనిన పూటే అనేది. మాస్టారు ఓపికగా అంతా విని, జూలై ఒకటి అని రాసేవాడు. భీమశంకరానికి వాళ్ళమ్మ చెప్పిన గుర్తు, కార్తీక మాసంలో చిన్న తుంపర పడుతున్న మధ్యాహ్నం. అది రిజిస్టరులో లేదు. ఆయనకి దాని మీద ఎప్పుడూ బెంగ కలగలేదు. కాగితం మీద పుట్టినరోజు ఏదైతేనేం, పుట్టింది తనే కదా అనుకునేవాడు.

కేంద్రం నుంచి ఇంటికి నడుస్తూ చొక్కా జేబు తడుముకున్నాడు. పట్టీలో ఇంకా నాలుగు మాత్రలున్నాయి. రోజుకొకటి వేసుకుంటే నాలుగు రోజులు. కానీ ఆయన ఉగాది నుంచీ రోజు విడిచి రోజు వేసుకుంటున్నాడు. దుకాణంలో ధర పెరిగిన దగ్గర్నుంచీ మొదలైన ఏర్పాటు అది. భార్య సత్యవేణికి తెలియదు. పెద్దల మందులు వస్తాయి, అప్పుడు రోజూ వేసుకోవచ్చు, అబద్ధం దానంతటదే నిజమైపోతుంది అని ఇన్నాళ్ళూ ఎదురుచూశాడు.

మర్నాడు మండలాఫీసుకి వెళ్ళాడు. 'వృద్ధుల ప్రత్యేక సౌకర్య విభాగం' రెండో అంతస్తులో ఉంది. మెట్లెక్కి, ఆయాసం తీరేదాకా గోడ పట్టుకు నిలబడి, లోపలికి వెళ్ళాడు. సంస్కరణల సమన్వయాధికారి మృత్యుంజయరావు లేచి నిలబడి నమస్కారం పెట్టి, కుర్చీ చూపించి, మంచినీళ్ళు తెప్పించాడు. ఆయన మంచివాడు. ఆయన మంచితనం వల్ల తర్వాత జరిగిందేదీ ఆగలేదు.

"మీరు అన్యథా భావించకూడదు" అన్నాడు మృత్యుంజయరావు. "వ్యవస్థ మిమ్మల్ని నిరాకరించలేదు. సమీకృతం చేసింది. వ్యవస్థ దృష్టిలో మీరు రెండువందల ఎనభై ఏడు రూపాల్లో సంచరిస్తున్న ఒక లబ్ధిదారు. మీ మందు మీకు అందింది."

"మాణిక్యానికి అందిందండి."

"అదే నేను మనవి చేస్తున్నది."

తను ఆ మిగతా రెండువందల ఎనభై ఆరుగురూ కాదని భీమశంకరం అన్నాడు. అలా అని ధ్రువపత్రమేదైనా ఉందా అని అధికారి అడిగాడు. నేను వాళ్ళని కానని వాళ్ళనే అడగండి, సంతకాలు పెడతారు అన్నాడు భీమశంకరం. మృత్యుంజయరావు విచారంగా తల అడ్డంగా ఊపాడు. వాళ్ళూ ఈయనా ఒకరే అయినప్పుడు వాళ్ళ సంతకాలు స్వీయ ధ్రువీకరణ కిందికి వస్తాయి. స్వీయ ధ్రువీకరణ ఈ పథకంలో చెల్లదు.

"అయితే ఒక మార్గముంది" అన్నాడు కాసేపు ఆలోచించి. "మీరందరూ ఒకే సమయంలో ఒకేచోట హాజరైతే భౌతిక పరిశీలన జరిపించి నివేదిక పంపుతాను. అదే రోజు వైద్య పరీక్షలూ ఏర్పాటు చేస్తాను."

భీమశంకరం మెట్లు దిగాడు. జనం మధ్యే బతికాడు గానీ ఆయనకి జనమంటే ఇష్టం లేదు. కిక్కిరిసిన బస్సులో ఎవరి మోచెయ్యో పక్కటెముకల్లో గుచ్చుకుంటుంటే, ఈ పక్కటెముకల లోపల మాత్రం నేనొక్కణ్ణే ఉన్నాను అనుకుని ధైర్యం తెచ్చుకునేవాడు. ఆ లోపలి సీటులో ఇంకొకరిని ఎప్పుడూ కూర్చోనివ్వలేదు, సత్యవేణిని కూడా. ఇప్పుడు అక్కడ రెండువందల ఎనభై ఆరుగురు ఎక్కి కూర్చున్నారని ఆఫీసువాళ్ళు చెబుతున్నారు. మర్నాడు గడ్డం గీసుకుంటూ అద్దంలోకి చూసి, మాణిక్యానికి గడ్డం పెరిగింది అనుకుని, అలా అనుకున్నందుకు తనమీద తనే కోపం తెచ్చుకున్నాడు.

ఆ మధ్యాహ్నం మాణిక్యమే వచ్చింది. డెబ్భై ఆరేళ్ళ మనిషి, బక్కపలచన, మాట మాత్రం బలంగా ఉంటుంది. చేతిలో పట్టీలున్నాయి. అరుగు మీద కూర్చుంటూ, "ఏరా తమ్ముడూ, నేను నువ్వేనంట కదా. ముందే తెలిస్తే ఇన్నాళ్ళు నా వంట నేను వండుకునేదాన్నా?" అంది. సత్యవేణి నవ్వి కాఫీ ఇచ్చింది.

మాత్రల్లో సగం తీసుకోమని మాణిక్యం పట్టుబట్టింది. భీమశంకరం ఒప్పుకోలేదు. ఒక టికెట్టు మీద ఇద్దరు ప్రయాణం చెయ్యకూడదన్నాడు. అదేం పరవాలేదని మాణిక్యం అంది, తను మొదట్నుంచీ రోజు విడిచి రోజే వేసుకుంటున్నానని, సగం ఇచ్చినా తనకి నెలంతా వస్తాయని చెప్పింది.

"అలా మానకూడదంట కదండి వదినగారూ" అంది సత్యవేణి. "ఈయనైతే క్రమం తప్పకుండా రోజూ వేసుకుంటారు."

మాణిక్యం భీమశంకరం మొహం చూసింది. ఆయన కాఫీ గ్లాసులోకి చూస్తున్నాడు.

"వేసుకోడమ్మా" అంది మాణిక్యం. "నేను వేసుకోవట్లేదు కదా. నాకు తెలీదా నా సంగతి?"

సత్యవేణి కాఫీ గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్ళింది. మర్నాడు పొద్దున్న మంచినీళ్ళ గ్లాసు ముందు పెట్టి, "ఇవాళ వేసుకునే రోజా, విడిచే రోజా?" అని అడిగింది. ఆ మర్నాడూ అడిగింది. మూడోనాడూ అదే గొంతుతో అడిగింది. ఆవిడ అరిచుంటే ఆయనకి తేలికగా ఉండేది.

గురువారం హైస్కూలు ఆవరణలో రెండువందల ఎనభై ఏడుగురూ హాజరయ్యారు. ఆటోల్లో వచ్చారు, కోడళ్ళ బళ్ళ మీద వచ్చారు, నడిచి వచ్చారు. జగ్గయ్య మాస్టారి బళ్ళో చదివిన వాళ్ళంతా ఒకచోట చేరడం అదే మొదలు. యాభై ఏళ్ళుగా మాట్లాడుకోని వాళ్ళు ఒకే వరసలో నిలబడాల్సి వచ్చింది. గట్టు తగాదాలున్న ఇద్దరు అన్నదమ్ములు, మనమిద్దరం ఒకటేనంటే ఆ గట్టు ఎవరిదిరా అని అక్కడే మొదలుపెట్టారు. ఒక లేడీ డాక్టరు సాయంత్రం దాకా అందరి చేతులకీ పట్టీ చుట్టి రక్తపోటు చూసి చీటీల మీద రాసింది. భీమశంకరం చీటీ మీద నూట డెబ్భై రెండు అని పడింది. ఆమె ఆయన వైపు చూసి, మాత్రలు వేసుకుంటున్నారా తాతగారూ అని అడిగింది. వేసుకుంటున్నానని చెప్పాడు. అది ఆ రోజుకి నిజమే, వేసుకునే రోజు.

చీకటి పడకముందే మృత్యుంజయరావు మైకు అందుకున్నాడు. ముందుగా భౌతిక పరిశీలన ఫలితం చదివాడు. జూలై ఒకటిన జన్మించిన లబ్ధిదారు ఈ దినం ఆసాంతం ఒకే సమయంలో ఒకే చోట ఉన్నట్టు స్వయంగా చూసి నిర్ధారించడమైనది. ఒకే వ్యక్తి కాకపోతే కనీసం ఇద్దరైనా వేరే వేరే చోట్ల ఉండేవారు. కాబట్టి వ్యవస్థ నిర్ణయం సరైనదే.

తర్వాత వైద్య నివేదిక. ఒక వ్యక్తికి ఒక నివేదికే ఉండాలి గనుక సగటు కట్టారు.

"లబ్ధిదారు రక్తపోటు నూట ఇరవై ఎనిమిది బై ఎనభై రెండు. బరువు యాభై నాలుగు కిలోలు. నూటికి యాభై మూడు వంతులు పురుషుడు. కాళ్ళు ఒకటి పాయింటు తొంభై తొమ్మిది."

అందరూ గొల్లకోటి సూరన్న వైపు తిరిగారు. సూరన్నకి చిన్నప్పుడే ఒక కాలు పోయింది. అందరి కాళ్ళలోంచీ తలా కాస్త కోసుకున్నవాడిలా ఆయన ఒదిగిపోయి, "నా మూలానే కదా మీకిదంతా" అన్నాడు.

"ఇంత ఆరోగ్యవంతుడైన వృద్ధుణ్ణి నా ఉద్యోగ జీవితంలో చూడలేదు" అన్నాడు మృత్యుంజయరావు. ఆయన గొంతులో నిజమైన సంతోషం ఉంది. "ఈ రక్తపోటుకి మాత్ర అవసరం లేదు. వచ్చే నెల నుంచి మంజూరు నిలిపివేయడమైనది. సంస్కరణ ధ్యేయం కూడా అదే. మందు అక్కర్లేనివాడికి మందు ఉచితంగా ఉన్నట్టే."

"మాత్రలు కొనుక్కుని మింగుతున్నాం కాబట్టి అలా ఉందండి బాబూ" అంది మాణిక్యం.

"అయితే అలాగే కొనసాగించండి" అన్నాడు అధికారి.

ఇంటికి వచ్చాక భీమశంకరం చీటీ తీసి బల్ల మీద పెట్టాడు. తన నూట డెబ్భై రెండు ఎవరి తక్కువలో కలిసిపోయి మామూలైపోయిందో ఆయనకి అంతుపట్టలేదు. నొప్పి తనది, సగటు అందరిదీ. సత్యవేణి చీటీ చూసింది. జరిగిందంతా ఆయన నోటనే విన్నది. మర్నాడు పొద్దున్న మంచినీళ్ళ గ్లాసు తెచ్చి పెట్టింది.

"రోజు విడిచి రోజంటే, సగటున రోజూ అర మాత్ర వేసుకుంటున్నట్టే కదండీ" అంది. "డాక్టరమ్మతో అలాగే చెప్పాల్సింది. రోజూ వేసుకుంటున్నాను, సగటున అని."

"సగటు కట్టడానికి రోజులు రెండుండాలి కదే" అన్నాడు చిరాగ్గా. "ఒక్క రోజుకి సగటేంటి?"

అని ఆగిపోయాడు. ఆ మాట తన నోట్లోంచి వచ్చిందని ఆయనకి కాసేపటిదాకా నమ్మకం కుదరలేదు. సత్యవేణి గ్లాసు ఆయన వైపు జరిపింది. అది విడిచే రోజే అయినా, ఉన్న ఆఖరి మాత్ర వేసుకున్నాడు.

ఆ రోజే మళ్ళీ రెండంతస్తులెక్కాడు. ఈసారి మాణిక్యం కూడా వచ్చింది, నేను లేకుండా నేనెలా వెళ్తానని.

"అయ్యా" అన్నాడు భీమశంకరం. "మేం ఒకళ్ళమా, చాలామందిమా? చాలామందిమైతే మనిషికో పట్టీ ఇప్పించండి. ఒకళ్ళమైతే సగటెలా కట్టారు? ఒక్క మనిషికి సగటుండదు. ఉన్నదంతా అతనిదే అవుతుంది. కూడాలి గానీ భాగించకూడదు."

మృత్యుంజయరావు కలం మూత తీసి మళ్ళీ పెట్టాడు. చాలామంది అని ఒప్పుకుంటే సాఫ్టువేరు తప్పని పైకి రాయాలి. ఆయన ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ ఏ కాగితం మీదా తప్పు అన్న మాట రాయలేదు. ఆ మాటకి బదులు వాడదగిన మాటలు పదకొండు ఆయనకి వచ్చు, కానీ ఒక్కటీ ఇక్కడ ఇమడలేదు.

"ఏకవచనమే ఖాయం చేస్తున్నాను" అన్నాడు చివరికి. "అయితే వయసులో పెద్దవారు గనుక, గౌరవార్థం మిమ్మల్ని మీరు అనే సంబోధిస్తాను."

గుమాస్తా చేత చీటీలన్నీ కూడించారు. లబ్ధిదారు పై రక్తపోటు ముప్పై ఆరువేల ఏడువందల ముప్పై ఆరు వచ్చింది. మృత్యుంజయరావు మొహం పాలిపోయింది. అంత రక్తపోటుతో ఎదురుగా ఇద్దరుగా కూర్చుని ఉన్న మనిషిని చూసి, మంచినీళ్ళు తాగండి, ఆవేశపడకండి అని బతిమాలాడు. డాక్టరమ్మకి ఫోను చేశాడు. ఆమె ఆ అంకె రెండుసార్లు చెప్పించుకుంది. తర్వాత, అటువంటి రోగికి మోతాదు బరువుని బట్టి ఇవ్వాల్సి ఉంటుందని, మామూలు మనిషికి ఎన్ని రెట్లు బరువుంటే రోజుకి అన్ని మాత్రలని, ఒక్క అక్షరం తొణక్కుండా చెప్పింది. మామూలు మనిషి బరువు ఎంతగా తీసుకోవాలని అధికారి అడిగాడు. శిబిరంలో మీరే తేల్చారు కదండి, యాభై నాలుగు అంది.

బరువు విడివిడిగా తూచి కలపడానికి వీల్లేదు. అలా చేస్తే మళ్ళీ బహువచనమైపోతుంది. ఒకేసారి, ఒకే కాటా మీద తూగాలి.

అటువంటి కాటా ఆ మండలంలో ఒక్కటే ఉంది. పెద్దరోడ్డు పక్కన, ధాన్యం లారీలు తూచేది.

ఆదివారం పొద్దున్న లారీలన్నీ పక్కకి తీయించారు. గాజుగది లోపల కూర్చున్న కాటా మనిషి, సరుకేంటి అని అడిగాడు. పెద్దలు అన్నాడు అధికారి. చీటీలో ఆ రకం లేదు. ధాన్యం, ఊక, ఇటుక, కంకర, ఇతరములు అని ఉంది. ఇతరములు దగ్గర టిక్కు పెట్టాడు.

ఇనప పలక పొడుగ్గా ఉందిగానీ రెండువందల ఎనభై ఏడుగురికి సరిపడేలా లేదు. మొదట ఎక్కినవాళ్ళు విశాలంగా నిలబడ్డారు. గట్టు తగాదా అన్నదమ్ములు మధ్యలో బారెడు జాగా వదిలారు. ఇద్దరు ముగ్గురికి కళ్ళు తిరిగాయి. ఇది అయ్యేపని కాదని మృత్యుంజయరావు గొడుగు కింద నిలబడి అన్నాడు.

భీమశంకరం సంచిలోంచి విజిల్ తీశాడు. పదమూడేళ్ళుగా పెట్టె అడుగున పడున్న విజిల్. ఒక్కసారి ఊదాడు.

"ముందుకి జరగండి. ముందంతా ఖాళీగా ఉంది. ఏవండీ తెల్లచొక్కా, అన్నగారి భుజం మీద చెయ్యెయ్యండి, ఏం కరవరు. కర్రలు నిలువుగా పట్టుకోండి. సూరన్నా, నువ్వు మధ్యలోకి రా, నలుగురూ ఆసరా ఉంటారు. అంచు మీద ఎవ్వరూ ఉండొద్దు. ముందుకి, ముందుకి."

వాళ్ళంతా ఒకప్పుడు ఆయన బస్సెక్కినవాళ్ళే. ఆ గొంతు వినగానే వాళ్ళ కాళ్ళు వాటంతటవే జరిగాయి. బారెడు జాగా పోయింది. అన్నదమ్ముల భుజాలు తగిలాయి. ఒక్కొక్కళ్ళే ఎక్కుతుంటే ఆయన పెదవులతో లెక్కపెట్టాడు. రెండువందల ఎనభై ఆరు దగ్గర లెక్క ఆగింది. ఆయన కిందే ఉన్నాడు.

కండక్టరుని ప్రయాణికుల్లో లెక్కపెట్టరు. ఆయన ఎప్పుడూ ఫుట్‌బోర్డు మీదే నిలబడ్డాడు, ఒక కాలు లోపల, ఒక కాలు బయట. జీవితంలో ఏ గుంపులోకీ ఆ రెండో కాలు పెట్టలేదు. పెళ్ళిళ్ళకి వెళ్ళినా ద్వారం దగ్గరే నిలబడేవాడు. పలక అంచు దగ్గర ఆయన కాళ్ళు తటపటాయించాయి. లోపల్నుంచి ఒక బక్క చెయ్యి వచ్చి ఆయన చొక్కా పట్టుకుని లాగింది.

"ఎక్కరా. లేకపోతే నా బరువు తక్కువొస్తుంది" అంది మాణిక్యం.

ఎక్కాడు. గాజుగది మీద ఎర్ర అంకెలు వెలిగాయి. పదిహేనువేల నాలుగువందల తొంభై. పదిహేనువేల ఐదువందల పది. మళ్ళీ తొంభై. నిలకడగా ఆగడం లేదు. కాటా మనిషి కిటికీలోంచి తల బయటపెట్టి, ఊపిరి పీల్చకండని అరిచాడు.

రెండువందల ఎనభై ఏడుగురు ఊపిరి బిగబట్టారు. అప్పుడు రోడ్డు మీద ఏ బండీ రాలేదు. భీమశంకరం పక్కటెముకలకి ముందొకరి వీపు, వెనకొకరి మోచెయ్యి ఆనుకుని ఉన్నాయి. ఎవరి గుండె కొట్టుకుంటోందో తెలియలేదు. తనదే అనుకున్నాడు గానీ అది వీపు వైపు నుంచి వినిపించింది. ఆ రెండు మూడు క్షణాలు, ఆఫీసువాళ్ళు చెప్పింది అంత తప్పు కాదేమో అన్న అనుమానం ఆయనకి కలిగింది.

అంకె నిలబడింది. పదిహేనువేల ఐదువందలు. అందరూ ఒక్కసారే ఊపిరి వదిలారు.

మృత్యుంజయరావు అక్కడే, గొడుగు గుమాస్తాకి ఇచ్చి, యాభై నాలుగుతో భాగించాడు. రోజుకి రెండువందల ఎనభై ఏడు మాత్రలు. రెండు కిలోలు మిగిలాయి. ఆ రెండు కిలోలూ చేతికర్రలవని భీమశంకరం విన్నవించాడు. కర్రలకి రక్తపోటు లేదు గనుక కొట్టేశారు.

"చూశారా" అన్నాడు అధికారి, కాగితం మడిచి జేబులో పెట్టుకుంటూ. "వ్యవస్థ ఎంత సూక్ష్మంగా పనిచేస్తుందో."

తర్వాతి వారం నుంచి మాత్రలు అట్టపెట్టెల్లో వచ్చాయి. లబ్ధిదారు తరఫున రోజూ ఒక్కరే సంతకం పెట్టాలన్నారు. భీమశంకరం పొద్దున్నే కేంద్రానికి వెళ్ళి, సంతకం పెట్టి, పాత కండక్టరు సంచిలో మాత్రలు వేసుకుని అరుగు మీద కూర్చునేవాడు. వరస కదిలేది. ఒక మనిషికి ఒక మాత్ర. ఆఖరిది తను వేసుకునేవాడు, అక్కడే, అందరి ముందూ. సత్యవేణి అడగడం మానేసింది. నెల తిరిగేసరికి హైమావతి పక్కనున్న యంత్రం మీద ఆయనకి నూట ముప్పై రెండు చూపించింది. ప్రపంచంలోనే అత్యధిక రక్తపోటు గల వ్యక్తిని అదుపులో ఉంచినందుకు మృత్యుంజయరావుకి జిల్లా కేంద్రంలో శాలువా కప్పారు.

వరసలో అందరికన్నా ముందు మాణిక్యం వచ్చేది. మాత్ర నోట్లో వేసుకుని, "ఏరా, ఇవాళ నాకెలా ఉంది?" అని అడిగేది. మొదట్లో ఆయన జవాబు చెప్పేవాడు కాదు. తర్వాత్తర్వాత ఆవిడ పాదాల వాపు ఒకసారి చూసి, "నయమే అక్కా. నిద్ర పట్టింది నాకు" అనేవాడు.

మూడో నెలలో పై ఆఫీసు నుంచి ఒక ఉత్తరం వచ్చింది. భీమశంకరం అరుగు మీద నిలబడి పైకి చదివాడు. లబ్ధిదారు ఆరోగ్య వివరాలు సమీక్షించడమైనది. వారి బరువు పదిహేనువేల ఐదువందల కిలోలుండడం తీవ్ర ఆందోళన కలిగించుచున్నది. వేపుళ్ళు మానవలెను. ఉదయం సాయంత్రం నడవవలెను. యాభై నాలుగు కిలోలకు తగ్గని పక్షంలో మాత్రల మంజూరు పునఃపరిశీలించబడును. తగ్గుటకు తీసుకొనుచున్న చర్యలు వారంలోగా తెలుపవలెను.

కదులుతున్న వరస అక్కడే ఆగింది. సూరన్న మెల్లిగా, నేను అందరికన్నా తక్కువే తూగుతాను కదా, నా మూలాన కాదు కదా అన్నాడు.

భీమశంకరం సంచి పక్కన పెట్టి, ఆ ఉత్తరం వెనకవైపే జవాబు రాశాడు. రాసింది చదివి వినిపించాడు.

"అయ్యా, తమ ఆజ్ఞ ప్రకారం బరువు తప్పకుండా తగ్గుతాను. ఈ వయసులో అది దానంతటదే తగ్గుతుంది, ఒకసారికి యాభై నాలుగు కిలోల చొప్పున. ఆ తగ్గేది కాస్త నిదానంగా తగ్గాలనే ఈ మాత్రలు వేసుకుంటున్నాను. ఇట్లు, జూలై ఒకటి."

మాణిక్యం కళ్ళు కొంగుతో తుడుచుకుంది. కాగితం అందుకుని, కళ్ళజోడు లేకుండానే కాసేపు చూసింది.

"బాగానే రాశాను" అంది. "పోస్టు చెయ్యి."